నాకంటే ముందు బయల్దేరిన సంచి

మా అమ్మకు నీళ్లంటే భయం. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆమె పుట్టి పెరిగిన అనంతపురం పక్క ఊళ్లో ఏరంటే ఇసుకే. ఎప్పుడో ఏట్లోకి నీళ్లొస్తే ఊరు ఊరంతా పనులు మానుకుని, తిరునాళ్లకు వెళ్లినట్టు వెళ్లి గట్టు మీద నిలబడి చూసేదట. ఈత అనేది ఒకటుందని ఆమెకు పెళ్లయి ఢిల్లీ వచ్చాకే తెలిసిందని మా నాయన వేళాకోళం చేసేవాడు. అలాంటి తల్లి కడుపున పుట్టి నేను పోయి పోయి ఏమడిగాను? గంగ మీద పడవ నడుపుకుంటూ పోతాను, చీకటి పడితే ఇసుక తిన్నెల మీద గుడారం వేసుకుని పడుకుంటాను, పంపమని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా ధైర్యానికి నాకే నవ్వొస్తుంది.

డెబ్బైల చివరి మాట ఇది. ఆర్.కె. పురంలో సర్కారు క్వార్టర్లో ఉండేవాళ్లం. నాయన ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. నేను బి.ఏ. ఆఖరి సంవత్సరం. ఆడపిల్లల్ని కొండలూ నదులూ తిప్పే బృందం ఒకటి మా కాలేజీలో ఉండేది. దానికి పెద్దదిక్కు సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక మాస్టారు. ఉద్యోగం రిటైరైంది కానీ ఆయన గొంతూ మీసాలూ రిటైర్ కాలేదు. అందరం సర్ అనేవాళ్లం. వానలు తగ్గాక ఓఖ్లా దగ్గర యమునలో మాకు కయాక్ నడపడం నేర్పాడు. కయాక్ అంటే చేపలా సన్నగా, పొడుగ్గా ఉండే ఒంటి మనిషి పడవ. నడుమ ఒక గుంట ఉంటుంది. అందులో నడుం దాకా దూరి, కాళ్లు ముందుకు చాపుకుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ పోవాలి. బోల్తా పడితే ఎలా బయటపడాలో కూడా నేర్పాడు, మమ్మల్ని మళ్లీ మళ్లీ బోల్తా కొట్టించి మరీ. ఆ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు. తడి జుట్టుతో ఇంటికొచ్చి, కాలేజీలో నల్లా పగిలిందనేదాన్ని. ఆ కాలేజీలో ఎన్ని నల్లాలు పగిలాయో ఆ దేవుడికే తెలియాలి.

దీపావళి దాటాక బిజ్నోర్ దగ్గర గంగలో పడవలు దింపి గఢ్‌ముక్తేశ్వర్ దాకా వెళ్దామని సర్ నిర్ణయించాడు. పడవలు తక్కువ, పిల్లలం ఎక్కువ. అయినా నన్ను ఎంచుకున్నాడు. వచ్చే ఏడాదికి నేను కాలేజీలో ఉండను. ఇప్పుడు వెళ్లకపోతే ఇక ఎప్పటికీ వెళ్లనని నాకు స్పష్టంగా తెలుసు. అప్పటి దాకా నాయన పక్కన లేకుండా నేను రైలెక్కింది కూడా లేదు. ఆ వయసులో మనసు ఒకదాని మీద పడితే అన్నం సహించదు. నాకూ సహించలేదు.

నాయన్ని అడిగితే మీ అమ్మనడుగు అన్నాడు. అమ్మనడిగితే మీ నాయన్నడుగు అంది. ఇద్దరి మధ్యా బంతిలా దొర్లాను. అలిగాను, కాళ్లావేళ్లా పడ్డాను, తలుపులు ధనధనా వేశాను. చివరికి మెత్తబడింది అమ్మే. యమునో మరో నదో అయితే ఒప్పుకునేది కాదేమో గానీ, గంగమ్మ తల్లి పేరు చెప్పి ఆమె నోరు కట్టేశాను. కానీ ఊరికే ఒప్పుకుంటే ఆమె మా అమ్మ ఎలా అవుతుంది? ఏటా మా తాత పోస్టులో పంపే పంచాంగం దించి చూసింది. మేం వెళ్లాల్సిన రోజు మంగళవారం, పైగా అష్టమి. మీ సర్‌కు ఇంట్లో చెప్పేవాళ్లు లేరా అని అడిగింది. ఆ రోజు మార్చమని సర్‌ని అడగడం కంటే ఆ గంగలో దూకడం సులువని నేనన్నాను. అప్పుడు ఆమె పరస్థానం పెడదామంది.

పరస్థానం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. వెళ్లాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియ చూసి, మనిషికి బదులు మూటను గడప దాటించి పొరుగింట్లో పెడతారు. మూట బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ తరవాత అష్టమి నాడు కాలు బయటపెట్టినా దోషం అంటదు. అష్టమికే టోపీ పెట్టే ఏర్పాటన్న మాట. ఒకటే నియమం. అలా పెట్టిన మూట మళ్లీ ఇంట్లోకి రాకూడదు. పొరుగింటి నుంచి అటే తీసుకుని పోవాలి.

అమ్మ ఇంకో షరతు కూడా పెట్టింది, అది నా గుండెల్లో రాయిలా పడింది.

"అన్నీ సక్రమంగా జరిగితేనే పోతావు పాపా. నడుమ ఏ అడ్డమొచ్చినా గంగమ్మ వద్దన్నట్టే. మళ్ల నన్ను పీక్కతినగూడదు, ముందే చెప్తాండా."

సరేనని తలూపాను. ఆ పూట ఆమె తాటిచెట్టు ఎక్కమన్నా ఎక్కేదాన్ని.

ఇక మూట సంగతి. సర్ మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఏం తెచ్చుకోవాలో కన్నా ఏం తేకూడదో ఎక్కువ చెప్పాడు. మనిషికి ఒకే సంచి. అది పడవలో సీటు వెనకున్న సందులో పట్టాలి కాబట్టి దిండు కంటే లావు ఉండకూడదు. బట్టలు రెండే జతలు, ఒకటి నీళ్లకు, ఒకటి నేలకు. పగలంతా తడిసేది మొదటి జత. ఒడ్డెక్కి, గుడారం వేశాక రెండో జత. తెల్లారాక ఎంత చలేసినా, ఏడుపొచ్చినా, మళ్లీ ఆ తడి జతే తొడుక్కోవాలి గానీ పొడి జతను ముట్టుకోకూడదు. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని అయితే తడిసినా కాస్త వెచ్చగానే ఉంటుంది. అన్నిటినీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలంతా పిండేసి, మూతిని మెలిపెట్టి మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాలి. వంట సరుకులు ఆయనే చూసుకుంటాడు. మీరు వెళ్తున్నది నదికి, అత్తారింటికి కాదు అని హిందీలో కసిరాడు.

ఇదంతా ఇంటికొచ్చి అమ్మకు అప్పజెప్పాను. అన్నీ విని ఆమె పట్టుకున్నది ఒక్క ముక్కే.

"తడిబట్టలు కట్టుకునేదానికి గంగ దాకా పోవల్లా? మీ అవ్వ మడి కట్టుకుంటే ఎగతాళి చేస్తివే."

తరవాత అటక మీంచి హోల్డాల్ దించింది. ఢిల్లీ నుంచి గుంతకల్లు దాకా రైల్లో మా ఇంటిల్లిపాది పరుపులూ మోసిన హోల్డాల్ అది. రెండు తోలు పట్టీలు, ఒక పిడి. దాన్ని పరిస్తే వసారా నిండిపోయేది. కయాక్‌లో ఇది కాదు కదా, దీని పట్టీ కూడా పట్టదని చెప్పాను. పట్టకపోతే మీ సర్ పడవలో పెట్టుకుంటాడులే అంది. ఆయనదీ ఒంటి మనిషి పడవే మొర్రో అన్నా వినిపించుకోలేదు. నా నూలు సల్వార్లన్నీ అప్పటికే గంజి పెట్టి, ఎండేసి, గల్లీ మొదట్లో ఇస్త్రీ భయ్యాకిచ్చి బిగదీసిన అట్టల్లా చేయించింది. గంజి పెట్టిన బట్టతో నీళ్లలో దిగితే ఒంటికి దోసెపిండి పూసుకున్నట్టు ఉంటుందమ్మా అని మొత్తుకున్నాను. ఢిల్లీ పిల్లల ముందర నలిగిన బట్టల్లో పోతే మన పరువేం కావాలని ఆమె బాధ. గంగకు పోతూ పట్టుబట్ట లేకపోవడమేమిటని తన పెళ్లినాటి పట్టుచీర పెట్టింది. గంగమ్మకు ఇవ్వడానికి పసుపూ కుంకుమా, రవికెగుడ్డా. నీళ్లు పట్టుకు రావడానికి మరచెంబు. ఆకలేస్తే బొరుగులు, బొరుగుల్లోకి చెనిక్కాయల పొడి, పొడి కారమైతే నంజుకోవడానికి బెల్లం, ఇవేవీ సయించకపోతే ఊరగాయ.

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టుంది నీ వ్యవహారం అని అరిచాను. పిల్లి ఒక్కటే తక్కువైంది, తెస్తా ఉండు అంది. నాయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు వణుకుతున్నదాన్ని బట్టి నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది. సర్ చెప్పిన నా స్వెటరూ, ప్యాంటూ, దుప్పటీ, కాన్వాసు బూట్లూ, ప్లాస్టిక్ సంచులూ కూడా హోల్డాల్ కడుపులోకే పోయాయి. స్వెటరు నాకు ఒక్కగానొక్కటి. నేను ఎక్కువ గొడవ పెట్టుకోలేదు. మంగళవారం పొద్దున్నే పొరుగింటి వసారాలో హోల్డాల్ విప్పి, నాకు కావలసినవి చిన్న సంచిలో సర్దుకుని, మిగతాది అక్కడే వదిలి పోవాలని నా ఎత్తు. అమ్మ పట్టుదల నెగ్గినట్టూ ఉంటుంది, నా పనీ అవుతుంది.

పరస్థానానికి ఎదురు బ్లాకులో కింది అంతస్తు గుంటూరు ఆంటీ ఇల్లు కుదిరింది. అమ్మా ఆమే ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూ ఎండలో కూర్చుని చలికాలాలన్నీ గడిపినవాళ్లు. ఆదివారం మంచి ఘడియలో నాయన ఒక కొస, నేనొక కొస పట్టుకుని హోల్డాల్‌ను రోడ్డు దాటించాం. అమ్మ వెనకాలే కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. ఆంటీ హోల్డాల్‌కు కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చి, కిటికీ పక్కనున్న ఇనప్పెట్టె మీద కూర్చోబెట్టింది. పెళ్లికూతురు మా ఇంటికొచ్చింది, కట్నాలేం తెచ్చిందో చూడాలి అని నవ్వింది. పై అంతస్తు పంజాబీ ఆంటీ తన బాల్కనీలోంచి ఈ ఊరేగింపు చూసి, ఎవరు ఊరెళ్తున్నారని అడిగింది. సంచి వెళ్తోందని నాయన జవాబిచ్చాడు.

మంగళవారం పొద్దున లేచి, తలదువ్వుకుని, చిన్న సంచి చంకలో పెట్టుకుని ఆంటీ ఇంటికి వెళ్లాను. తలుపుకు తాళం వేలాడుతోంది.

ముందు ఏమీ అర్థం కాలేదు. పాలకు వెళ్లారేమో అనుకున్నాను. పంజాబీ ఆంటీ బాల్కనీలోంచి కేకేసి చెప్పింది. గాజియాబాద్‌లో ఉన్న వాళ్లమ్మాయికి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయట. అల్లుడు టాక్సీ తీసుకుని తెల్లవారుజామునే వస్తే ఉన్నపళంగా వెళ్లిపోయారట. ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు? ఆ హడావిడిలో మా హోల్డాల్ ఎవరికి గుర్తుంటుంది? పై ప్రాణం పైనే పోయింది నాకు. పరుగెత్తుకుంటూ వెళ్లి అమ్మనీ నాయన్నీ పిలుచుకొచ్చాను.

కిటికీలోంచి చూస్తే హోల్డాల్ ఇనప్పెట్టె మీద బొట్టు పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది. మధ్యన ఇనుప చువ్వలు. నాయన బట్టలారేసే కర్ర తెచ్చి, చువ్వల సందులోంచి దూర్చి, పట్టీని లాగాలని చూశాడు. లాగితే మాత్రం అంత లావుది ఆ సందులోంచి ఎలా వస్తుందని నేను అడగలేదు. అడిగే ఓపిక లేదు. కర్ర తగిలి హోల్డాల్ ధబ్బున పెట్టె అవతల పడింది. అంతకు ముందు కనబడనన్నా కనబడేది, ఇప్పుడు అదీ లేదు. తాళం పగలగొట్టమని పంజాబీ ఆంటీ సలహా ఇచ్చింది. కాన్పుకు వెళ్లిన మనిషి ఇంటి తాళం పగలగొడతామా అని అమ్మ చెవులు మూసుకుంది.

కాలేజీ గేటు దగ్గర బస్సు ఎవరి కోసమూ ఆగదు. ఆ విషయం సర్ ముందే చెప్పాడు. నాకు ఒళ్లంతా మండిపోతోంది. పంచాంగం మీద కోపం, అష్టమి మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ మా అమ్మ మీద కోపం. కానీ నోరు విప్పలేదు. విప్పితే ఆమె పెట్టిన షరతు గుర్తు చేసినట్టవుతుంది. నడుమ అడ్డమొస్తే గంగమ్మ వద్దన్నట్టే. ఇంతకంటే పెద్ద అడ్డం ఇంకేముంటుంది? నాయన కర్ర కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"పోనీలే తల్లీ. ఇంకోసారి చూద్దాం."

ఇంకోసారి లేదని ఆయనకూ తెలుసు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మ వైపు చూశాను. ఆమె చువ్వలు పట్టుకుని ఇంకా కిటికీలోంచి లోపలికే చూస్తోంది. హోల్డాల్ కనబడటం లేదు, అయినా చూస్తోంది. ఆమె ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. ఎప్పుడెప్పుడు అంటుందా, ఎప్పుడెప్పుడు నేను ఏడవాలా అని నిలబడ్డాను.

"మూట బయల్దేరిపాయె. మనిషి నిలబడితే ఎట్ల?" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

నాయనకు అర్థం కాలేదు. అడ్డమొస్తే ఆపుతానన్నది నువ్వే కదా అని నసిగాడు.

"అడ్డమొచ్చింది సంచికి, పాపకు గాదు. లెక్క ప్రకారం అది ఆదివారమే పొయ్యింది. ఇప్పుడు ఆపితే దావ నడుమ ఎనక్కి తిరిగినట్ల. అది ఇంకా చెడ్డ."

అని, కొంగు బిగించి, నా వైపు తిరిగి, నిలబడుకుంటివేమే, నడువు అని ఒక్క కసురు కసిరింది. ఆ కసురు విన్నంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆ తరవాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఆయాసమొస్తుంది. మా అమ్మకు హిందీ రాదు. ఇరవై ఏళ్లు ఢిల్లీలో ఉండి కూరగాయల హిందీ దాటి నేర్చుకోలేదు. ఆ హిందీతోనే పంజాబీ ఆంటీ ఇంటి మెట్లెక్కి, దీదీ, బేటీ, గంగా, స్వెటర్ అని నాలుగు మాటలు అంది. ఆంటీకి ఆ నాలుగే చాలాయి. వాళ్లబ్బాయి ఎన్‌సీసీలో వేసుకునే ఖాకీ ఉన్ని జెర్సీ, ఆటలకు వేసుకునే ప్యాంటు, వాళ్లమ్మాయి కాన్వాసు బూట్లు తెచ్చి మా ముందు పడేసింది. బూట్లు కొంచెం బిగుతు. అదృష్టమేమిటంటే, ఎండాకాలంలో రజాయిలు దాచే పెద్ద ప్లాస్టిక్ సంచి ఆమె దగ్గర ఖాళీగా ఉంది. నీళ్ల జతకు ఆమె టెరికాట్ సల్వార్ కమీజే ఇచ్చింది. నాలాంటి వాళ్లు ఇద్దరు పడతారు అందులో. అమ్మ తన మంచం మీది కంబళి లాగి తెచ్చింది. నాయన మఫ్లరు మెడలోంచి తీసిచ్చాడు.

సర్దుతున్నప్పుడు అమ్మ చేతుల్నే చూశాను. అంతకు ముందు ఆమె మూట కట్టిందంటే ఒకటి పెట్టి, దానికి తోడు ఇంకోటి పెట్టి, వాటి మీద మరోటి కుక్కేది. ఆ పొద్దున మాత్రం, ఇది నీళ్లకా నేలకా అని ప్రతిదానికీ నన్నడిగింది. నేలకన్నది లోపల పెట్టింది, నీళ్లదైతే నా చేతికిచ్చింది. అలవాటు కొద్దీ ఊరగాయ సీసా ఒకటి చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం చూసి, మళ్లీ అలమారలో పెట్టేసింది. నాయన సైకిలు పాత ట్యూబు కత్తిరించి పట్టీలు చేశాడు. గాలి పిండాలంటే అమ్మ సంచి మీద మోకాలేసి కూర్చుంది. నాయన మూతి మెలిపెట్టి మడిచాడు, నేను ట్యూబు చుట్టాను. సంచి చివరికి దిండంత అయింది. ముగ్గురం దాన్ని చూసి అంతేనా అన్నట్టు మొహాలు చూసుకున్నాం.

నాయనా నేనూ ఆటో ఎక్కాం. అమ్మ జాగ్రత్త అని కూడా అనలేదు. అంటే ఏడుపు ఆగేది కాదని నాకు చాలా ఏళ్ల తరవాత, నా పిల్లల్ని నేను సాగనంపినప్పుడు తెలిసింది.

కాలేజీ గేటు దగ్గర పెద్ద యుద్ధమే జరుగుతోంది. సర్ ఒక్కొక్కరి సామాను విప్పించి పేవ్‌మెంటు మీద పోయిస్తున్నాడు. ఒకమ్మాయి హెయిర్ డ్రయ్యర్ తెచ్చింది. ఇసుక తిన్నెలో ప్లగ్గు ఎక్కడ పెడతావని ఆయన అడుగుతుంటే ఆ పిల్ల గుడ్లప్పగించి చూస్తోంది. ఇంకో అమ్మాయి సూట్‌కేసు చౌకీదారు గదిలోకి పోయింది. హోల్డాల్ తెచ్చి ఉంటే ఆ వరసలో నా గతి ఏమయ్యేదో ఊహించుకుంటే చెమట పట్టింది. నా వంతు వచ్చింది. సర్ నా సంచిని ఒక చేత్తో ఎత్తి, నొక్కి చూసి, నేలకేసి కొట్టి, మళ్లీ ఎత్తాడు. ట్యూబు కట్టు కదల్లేదు.

"ఠీక్ హై" అని బస్సులోకి విసిరేశాడు. హమ్మయ్య అనుకుని కిటికీ పక్కన కూలబడ్డాను. నాయన బస్సు కదిలే దాకా నిలబడి చెయ్యూపాడు, మఫ్లరు లేని మెడతో.

నది గురించి ఎంతైనా చెప్పొచ్చు గానీ నాకు గట్టిగా గుర్తున్నది మొదటి సాయంత్రమే. మధ్యాహ్నం ఒక మలుపులో నీటి సుడి తగిలి నా పడవ బోల్తా కొట్టింది. నేర్పిన ప్రకారం కాళ్లు లాక్కుని బయటపడ్డాను. పడవను పట్టుకుని ఈదుతుంటే, నా సంచి పనీ నా పనీ అయిపోయాయి అనుకున్నాను. వెనక సందులో అది ఎంతసేపు నీళ్లలో నానిందో! ఒడ్డెక్కాక పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. గుడారం చాటున కూర్చుని ట్యూబు విప్పాను. వేళ్లు వంగడం లేదు. మూతి మడత మీద మడత విప్పి, చెయ్యి లోపలికి పోనిస్తే ఖాకీ జెర్సీ పొడిగా, గరుగ్గా తగిలింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. అంత మంచి వాసన నేను ఈ జన్మలో పీల్చలేదు. జెర్సీలో మొహం దాచుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. కంబళికి మా ఇంటి వాసన.

సంచిలోకి నీళ్లు పోయిన ఒక పిల్ల ఏడుస్తుంటే నాయన మఫ్లరు ఆమెకిచ్చాను. తెల్లారి, మంచులో, ఆ తడి టెరికాట్ కమీజు మళ్లీ తొడుక్కుంటున్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన తిట్లు తెలుగులో ఉండబట్టి సరిపోయింది. సూర్యుడు పైకొచ్చే సరికి ఒంటి మీదే ఆరిపోయింది. గంజి పెట్టిన నూలు అయితే ఏమయ్యేదాన్నో! నది వెడల్పుగా, ప్రశాంతంగా సాగిపోతోంది. అందులో నేను ఒక్కదాన్నే, నా తెడ్డు చప్పుడు నాకే వినబడుతూ, ఎవరి పక్కనా కూర్చోకుండా వెళ్తున్నాను. గఢ్‌ముక్తేశ్వర్ ఘాట్ కనబడగానే, అప్పుడే వచ్చేసిందా అని దిగులేసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. నన్ను కౌగిలించుకోలేదు, అలాంటివి మా ఇంట్లో లేవు. చేతులు, చెంపలు, నెత్తి తడిమి చూసింది, సంతలో వస్తువు బాగుందో లేదో చూసినట్టు. కాకిపిల్ల మాదిరి నల్లగైతివి కదే అని, గట్టిగా ఊపిరి వదిలింది. గుంటూరు ఆంటీ తిరిగొచ్చేసిందని, మనవరాలు పుట్టిందని, తల్లీబిడ్డా చల్లగా ఉన్నారని చెప్పింది. మరి మన హోల్డాలేదీ అన్నాను. ఆంటీ నాలుక కరుచుకుని, మనిషి చేత మోయించుకుని మా గుమ్మం దాకా తెచ్చిందట. అమ్మే లోపలికి రానివ్వకుండా తిప్పి పంపించిందట. నేను తిరిగొచ్చే దాకా అది ఇంట్లోకి రావడానికి వీల్లేదట.

నాకు నవ్వు ఆగలేదు. అమ్మ అన్నం తినే వరకన్నా ఆగనివ్వలేదు, ఇప్పుడే తెచ్చుకుందాం రమ్మంది. ఆంటీ దగ్గర మిఠాయి తిని, అమ్మ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని రోడ్డు దాటుతున్నాం. సగం దారిలో బరువుకి అమ్మ చెయ్యి మార్చుకోవాలని హోల్డాల్ కింద పెట్టింది. ఇంత చాదస్తం దేనికమ్మా, ఆంటీ తెచ్చినప్పుడే తీసుకుని ఉంటే ఈ మోత తప్పేది కదా అన్నాను.

అమ్మ రోడ్డు వైపు చూస్తూ, మామూలుగా చెప్పింది. ఆమె ఎనిమిదో తరగతి పాసయ్యాక అనంతపురంలో టీచరు ట్రైనింగులో సీటొచ్చిందట. వెళ్లాల్సిన రోజు బాగాలేదని మా తాత ఆమె పెట్టెను పక్కింట్లో పరస్థానం పెట్టించాడట. అది అక్కడ ఉండగానే మా నాయన సంబంధం వచ్చింది. ఇంకెందుకు చదువన్నారు. ఈ సంగతి అంతకు ముందు ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నాయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"పక్కింటికి పోయి నా పెట్టె నేనే తెచ్చుకుంటి. నెత్తిన పెట్టుకోని."

ఆమె వంగి, హోల్డాల్ పట్టీ పట్టుకుంది.

"అది వాపసొచ్చిన పెట్టె. ఇది పొయ్యొచ్చిన మూట. అందుకే నువ్వొచ్చేంత వరకూ రానీలే."

నేను నా వైపు కొస పట్టుకున్నాను. ఎత్తు, ఎండెక్కుతాంది అంది అమ్మ. ఇద్దరం ఒక్కసారే ఎత్తి, దాన్ని మోసుకుంటూ ఇంట్లోకి వచ్చాం.